గోడకు గంధం పూద్దామా!

వెన్నముద్దలా, సంపెంగ రేకులా, అప్పుడే అరగదీసిన గంధంలా... లేత పసుపు రంగు ఎవరికి నచ్చదు! ఇంటికి రంగులేయిద్దాం అనుకోగానే చాలామంది వేలు దాని మీదకే పోతుంది. తీరా గోడెక్కాక 'మనం అడిగింది ఇది కాదే' అని నోరెళ్లబెట్టేదీ ఆ రంగు దగ్గరే. ఎందుకలా?

"అన్నీ తెలుపే కదరా... ఇందులో పసుపేదీ?"

షేడ్‌కార్డును కంటికి దగ్గరగా పెట్టుకుని అమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఆమె చేతిలో ఉన్నవి ఏడు లేత పసుపు రంగులు. మీగడ రంగు దగ్గర మొదలై ముగ్గిన అరటిపండు దాకా ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోతున్నాయి. నాకూ మా ఆవిడకూ ఏడూ వేరువేరుగానే కనిపిస్తున్నాయి. అమ్మకు మాత్రం కింది మూడే రంగులు, మిగతావన్నీ వట్టి సున్నం.

ఆ మధ్య హైదరాబాద్‌లో మేం పాత ఫ్లాటొకటి కొనుక్కున్నాం. నాన్న పోయాక ఊళ్లో ఇల్లు వదిలి రానని రెండేళ్లు మొండికేసిన అమ్మ ఎట్టకేలకు వస్తానంది. ఒకే ఒక్క షరతు. హాలుకు మన ఇంటి రంగు వెయ్యాలి! ఊళ్లో మా ఇంటి చావడికి ఏటా సంక్రాంతికి ముందు పసుపు సున్నం వేసేవారు. ఆ రంగు గోడల మధ్య నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి అడిగింది అదొక్కటే. అంతకన్నా తేలికైన కోరిక ఉంటుందా అనుకున్నాను. రంగుల మేస్త్రీ ముందే హెచ్చరించాడు. "అమ్మగారూ, కార్డులో నచ్చినదాని కన్నా రెండు మెట్లు తగ్గించుకోండి. గోడ మీద ముదురుతుంది" అని. మేం ఆయన మాట వినలేదు. అమ్మకు పసుపుగా కనిపించిన రంగే వేయించేశాం.

నాలుగు రోజులకు పని అయిపోయింది. సామాను సర్దాక రాత్రి ట్యూబులైటు వేసి చూస్తే... ఏం చెప్పమంటారు! "ఏవండీ, మిఠాయి కొట్లో కూర్చున్నట్టుంది" అంది మా ఆవిడ. పక్కన సోఫాలో అమ్మ మాత్రం ఎంతో తృప్తిగా గోడల వంక చూస్తోంది. ఇక నోరెత్తడానికేముంది?

సున్నంలో పసుపు కలిపితే...

అసలు ఊళ్లో మా ఇంటి పసుపు ఎలా వచ్చేదో అమ్మే చెప్పింది. గుల్లసున్నాన్ని తొట్టిలో పోసి నీళ్లు చల్లి ఉడకనిచ్చేవారు. మర్నాటికి అది పాలమీగడలా అయ్యేది. గుడ్డలో వడగట్టి, గోడను తాకితే చేతికంటకుండా కాస్త తుమ్మజిగురు కలిపేవారు. చివర్లో కొట్లో పొట్లం కట్టి తెచ్చిన పసుపు మట్టిపొడి పడేది. పసుపు మట్టి అన్నానే కానీ, వంటింటి పసుపు అనలేదు. గమనించారా? సున్నంలో పసుపు కలిపితే ఏమవుతుందో హారతికి ఎర్రనీళ్లు కలిపిన ప్రతి ఇంట్లోనూ తెలిసిందే. క్షణంలో ఎర్రగా మారిపోతుంది. సున్నానికున్న క్షారగుణం పసుపును బతకనివ్వదు. ఒకవేళ సున్నం లేకుండా వేసినా ఎండకు నాలుగు రోజుల్లో వెలిసిపోతుంది. మట్టి రంగు అలా కాదు. అది నేలలోని ఇనుము ఇచ్చిన పసుపు. సున్నానికీ లొంగదు, ఎండకూ లొంగదు.

పుదుచ్చేరిలో ఫ్రెంచివారి వీధుల్లో తిరిగినవాళ్లకు ఆవపిండి రంగు గోడలు గుర్తుండే ఉంటాయి. తెల్ల అంచులు కట్టిన ఆ పసుపు గోడల ముందు ఫొటో దిగకుండా వచ్చేవాళ్లు అరుదు. ఫ్రాన్సులో చిత్రకారుడు మోనే తన జివెర్నీ ఇంట్లో భోజనాల గది మొత్తానికి పసుపు రంగు వేయించుకున్నాడు. వాన్ గో 1888లో ఆర్ల్ పట్టణంలో తాను అద్దెకున్న పసుపు ఇంటినే బొమ్మగా గీశాడు. ఆయన పొద్దుతిరుగుడు పూల బొమ్మల్లో వాడిన క్రోమ్ పసుపు వెలుతురు తగిలి కాలక్రమంలో గోధుమ వన్నెకు తిరుగుతోందని శాస్త్రవేత్తలు తేల్చారు. అంటే పసుపు మాట తప్పడం మన హాల్లోనే మొదలవలేదన్నమాట!

సున్నానికి ఇంకో మంచి గుణముంది. తడి మీద ముదురుగా కనిపించి ఆరాక తేలిపోతుంది. ఇప్పుడు మనం వేయించుకునే ఎమల్షన్ దీనికి పూర్తిగా తిరకాసు. తడి మీద లేతగా ఉండి ఆరేకొద్దీ కాస్త ముదురుతుంది. పాత ఇంటి జ్ఞాపకంతో కొత్త రంగు ఎంచుకునేవాళ్లు మొదటి అడుగు తప్పేది ఇక్కడే.

కార్డు మీద ఒకటి... గోడ మీద ఒకటి

అగ్గిపెట్టెంత కాగితం మీద చూసిన రంగు పది అడుగుల గోడ మీద అలాగే ఎందుకు ఉండదు? నాలుగు గోడలూ ఒకదానికొకటి అద్దాల్లాంటివి. ఓ గోడ మీద పడ్డ వెలుగు ఎదుటి గోడకు తగిలి మళ్లీ వెనక్కి వస్తుంది. పసుపు గోడకు తగిలిన ప్రతిసారీ ఆ వెలుగులోని నీలాన్ని గోడ మింగేస్తుంది, పసుపును తిరిగి పంపిస్తుంది. ఇలా నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి గది మొత్తం పసుపు గాఢత పెరిగిపోతుంది. తెలుపుకో బూడిదరంగుకో ఈ బాధ పెద్దగా ఉండదు. మేస్త్రీ చెప్పిన 'రెండు మెట్లు తగ్గించుకోండి' వెనకున్న లెక్క ఇదే. ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు, వందల గోడలు చూసి చెప్పాడు.

తర్వాతి సంగతి కిటికీ. మా హాలు కిటికీ ఉత్తరానికి ఉంది. అటు ఎండ నేరుగా పడేది తక్కువ. ఆకాశం నుంచి చెదిరి వచ్చే వెలుతురే దిక్కు. అందులో నీలం పాలు ఎక్కువ. ఆ వెలుతురులో నిమ్మపండు ఛాయ ఉన్న పసుపు ఆకుపచ్చ వైపు జారిపోతుంది. అలాంటి గదికి లోపల కాస్త ఎరుపో నారింజో దాచుకున్న పసుపు కావాలి. గుడ్డు సొన, పనసతొన, గంధం... ఈ వరుసలోని లేత రంగులన్నమాట. పడమటి గదిది ఇంకో తంతు. సాయంత్రం నాలుగయ్యేసరికి ఎండ తానే గోడలకు పసుపు పూస్తుంది. అక్కడ మనం వేసే రంగు మీగడకు ఒక మెట్టు పైన ఉన్నా చాలు, పొద్దువాలే వేళకు బంగారమే. తూర్పు గదులు అదృష్టవంతులవి. పొద్దున కాఫీ వేళకు లేత పసుపును మించిన రంగు లేదు.

ఇక రాత్రి. మన ఇళ్లలో చాలావరకు వెలిగేవి తెల్లటి ట్యూబులైట్లు. ఎల్ఈడీ డబ్బా మీద 6500 కెల్విన్ అని ఉంటే అది నీలి వన్నె తెలుపు. 2700 నుంచి 3000 లోపు ఉంటే పాతకాలం బల్బులా వెచ్చటి వెలుగు. మా పసుపును రాత్రిపూట ఆకుపచ్చ చేసి మిఠాయి కొట్టు వేషం కట్టించింది ఆ 6500 ట్యూబే. ఓ సాయంత్రం రెండు బల్బులు మార్చి చూస్తే సగం బాధ తగ్గింది. రంగు నచ్చలేదని మళ్లీ మేస్త్రీకి ఫోన్ చేసేముందు మీరూ ఈ పని చేసి చూడండి. బల్బు ఖరీదుతో పోయేదానికి బకెట్లు ఎందుకు?

లేత పసుపుకున్న గొప్ప సుగుణం కూడా వెలుగుతో ముడిపడిందే. లేత రకాలు తమ మీద పడ్డ వెలుతురులో దాదాపు నాలుగింట మూడొంతులు తిరిగి ఇచ్చేస్తాయి. తెలుపు అంతకన్నా ఎక్కువే ఇస్తుంది కానీ, చీకటి గదిలో తెలుపు బూడిద పూసినట్టు చప్పగా ఉంటుంది. పసుపు అలా కాదు. మబ్బు పట్టిన శ్రావణంలో కూడా కాసింత ఎండ వచ్చినట్టు భ్రమ పెడుతుంది. పక్క అపార్టుమెంటు గోడకు కిటికీ తెరుచుకునే మన ఫ్లాట్లకు ఆ భ్రమే పదివేలు.

అమ్మ కన్ను

మళ్లీ మా హాలుకొద్దాం. రంగులు వేయించిన ఐదు నెలలకు అమ్మకు కంటి పరీక్ష చేయించాం. రెండు కళ్లలోనూ శుక్లాలు. ముందు కుడికంటికి ఆపరేషన్ చేశారు. మర్నాడు కట్టు విప్పాక ఇంటికి తీసుకొచ్చాం. అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇంత పచ్చగా ఎవరు వేయించార్రా?"

మేం ముఖముఖాలు చూసుకున్నాం. అమ్మ ఒకసారి కుడికన్ను మూసింది, ఒకసారి ఎడమకన్ను మూసింది. మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. కొత్త కంటికి గోడ భగ్గుమంటోంది, పాత కంటికి అదే గోడ పొగచూరిన సున్నంలా ఉంది. సాయంత్రం భోజనానికి కూర్చుని "అన్నం ఇంత తెల్లగా ఉంటుందా" అంది. ఆ మాటకు నవ్వొచ్చింది కానీ, తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు. ఎన్నాళ్ల నుంచి ఆమె అలా చూస్తోందో మాలో ఎవరికీ తెలియదు. కార్డు పట్టుకుని 'అన్నీ తెలుపే' అన్నప్పుడైనా అనుమానం రావాల్సింది. చాదస్తం అనుకున్నాం.

కంటి డాక్టరుగారు చెప్పింది తేలిగ్గానే అర్థమైంది. వయసు పెరిగేకొద్దీ కంటిలోని కటకం పసుపెక్కుతుంది. శుక్లం ముదిరితే అది మరీ ఎక్కువ. పసుపు గాజులోంచి లోకాన్ని చూడటమే అది. నీలం సరిగా లోపలికి రాదు. తెలుపుకూ లేత పసుపుకూ తేడా చెరిగిపోతుంది. నేవీ బ్లూ నల్లగా అనిపిస్తుంది. ఇది ఏళ్ల తరబడి మెల్లగా జరుగుతుంది కాబట్టి మనిషి అలవాటు పడిపోతాడు. పసుపు కటకం తీసి కొత్తది పెట్టగానే రంగులన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారే, అమ్మ విషయంలో అది తలకిందులైంది. కంట్లోనే పసుపు నిండటం వల్ల గోడ మీద పసుపు కనపడలేదు!

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. వాళ్ల గదికి రంగులు ఎంచేముందు ఓసారి కళ్లు చూపించడం మంచిది. ఆపరేషన్ తేదీ ఇప్పటికే ఖరారై ఉంటే రంగుల పని ఆ తర్వాతకు వాయిదా వేసుకోండి. ఇంకో చిన్న సంగతి. చూపు తగ్గినవాళ్ల గదిలో గోడ, తలుపు, స్విచ్‌బోర్డు అన్నీ ఒకే లేత రంగులో కలిసిపోకూడదు. లేత పసుపు గోడ మీద ముదురు గోధుమ రంగు తలుపు, బోర్డు చుట్టూ ముదురు పట్టీ ఉంటే చెయ్యి తడుముకోనక్కర్లేదు.

రెండోసారైనా సరిగ్గా...

ఎడమకంటికీ ఆపరేషన్ అయ్యి, కొత్త కళ్లజోడు వచ్చేదాకా ఆగాం. అప్పుడు అదే మేస్త్రీని పిలిచాం. ఆయన 'నేను ముందే చెప్పానుగా' అనలేదు. అనుంటే బావుండేది, మొహమాటం తీరేది. ఈసారి ఆయన చెప్పిందల్లా చేశాం.

ముందుగా నచ్చిన మూడు రంగులు చిన్న డబ్బాల్లో తెచ్చాం. రెండడుగుల చదరాలుగా, రెండేసి పూతలు వేయించాం. అదీ ఒక గోడ మీద కాదు. కిటికీ పక్క గోడ మీద ఒకటి, ఎదుటి గోడ మీద ఒకటి. పాత ముదురు పసుపు పక్కనే కొత్త లేత పసుపు వేస్తే ఏదైనా తెలుపులాగే కనిపిస్తుంది కదా! అందుకని ముందు ఆ చోట ప్రైమరు వేసి, చుట్టూ జానెడు తెలుపు వదిలారు. పొద్దున్న, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక... మూడు రోజులు చూశాం. నాకు నచ్చిన రంగు రెండో రోజు సాయంత్రానికే ఓడిపోయింది.

నేల మాట మరచిపోకండి. తాండూరు పసుపు బండలున్న ఇంట్లో గోడ కూడా పసుపైతే రెండూ కలిసి మసకబారతాయి. మీగడ రంగు టైల్సున్నా అంతే. ఎర్రగచ్చు, నల్ల కడప బండ, పాతకాలం మొజాయిక్ పక్కన లేత పసుపు వెలిగిపోతుంది. పైకప్పు మాత్రం తెలుపే ఉంచండి. పసుపు తెలియాలంటే పక్కన తెలుపు ఉండాలి.

ఎంత రంగు పడుతుందో చెప్పుకుందాం. లప్పం పెట్టి నున్న చేసిన గోడకు మంచి ఎమల్షన్ లీటరుకు రెండు పూతల మీద 100 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గదిలో గోడలు 440 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు ఓ 60 తీసేస్తే 380. అంటే మూడు నుంచి నాలుగు లీటర్లు. మొత్తం ఒకేసారి కలిపించుకోండి. మిషన్‌లో కలిపినా మొదటి డబ్బాకూ రెండో డబ్బాకూ వెంట్రుకవాసి తేడా రావచ్చు. ఆ తేడా పట్టిచ్చే రంగుల్లో లేత పసుపు ఒకటి. డబ్బాలు రెండైతే పెద్ద బకెట్లో పోసి కలిపేయమని మేస్త్రీతో చెప్పండి. కింద పాత నీలమో ఆకుపచ్చో ఉంటే తెల్ల ప్రైమరు తప్పనిసరి. లేదంటే పాత రంగు లోపలి నుంచి తొంగిచూస్తుంది. చెమ్మ ఉన్న గోడకు మాత్రం ఏ రంగూ వద్దు. ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసుకోవాలి. కొత్తగా సిమెంటు పూసిన గోడనైతే కనీసం నాలుగు వారాలు ఆరనివ్వాలి.

పాత ఇల్లయితే ఇంకో జాగ్రత్త. ఒకప్పటి పసుపు, నారింజ ఎనామిల్ రంగుల్లో సీసం బాగా ఉండేది. ముదురు పసుపుకు ఆ మెరుపు ఇచ్చింది సీసమే. మన దేశంలో 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదు. ఇది 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన తలుపులు, కిటికీ ఊచలు గీకేటప్పుడు పొడిగా గీకనివ్వొద్దు. తడిపి గీకించండి. ఆ రెండు రోజులు చంటిపిల్లల్నీ, గర్భిణుల్నీ ఇంట్లో ఉంచకండి.

పక్కన ఏముండాలి?

వాస్తు సంగతి సిద్ధాంతులకే వదిలేద్దాం. కంటికి నచ్చేది చూద్దాం. లేత పసుపు గోడకు మన కలంకారీని మించిన జోడీ లేదని నా గట్టి నమ్మకం. పెడన అచ్చుల్లో కనిపించే ఆ మట్టి ఎరుపు, నీలిమందు నీలం దీనికోసమే పుట్టాయా అనిపిస్తుంది. కిటికీలకు తెల్లటి మంగళగిరి నూలు, సోఫా మీద రెండు కలంకారీ దిండ్లు చాలు. చేర్యాల బొమ్మల ఎరుపు కూడా బాగా నిలుస్తుంది. టేకు చెక్క, ఇత్తడి, పచ్చటి మొక్క... ఇవన్నీ దానికి చుట్టాలే. బంగారు రంగు పరదాలు, పసుపు సోఫా మాత్రం వద్దు. పులిహోర మీద పసుపు చల్లినట్టుంటుంది.

వంటింటికి వేసుకోవచ్చా? నిక్షేపంగా. పోపు చిటపటల్లో ఎగిరిన పసుపు మరకలు అంత తొందరగా బయటపడవు. అయితే కడిగినా పోని రంగే తీసుకోండి. అద్దం ముందు తయారయ్యే గదిలో కాస్త ఆలోచించండి. గోడ పసుపు మొహం మీద పడి నలతగా ఉన్నట్టు చూపిస్తుంది. బాలింత గదిలోనూ అంతే. పసిబిడ్డ ఒళ్లు పసుపుగా ఉందేమో చూడాలంటే కిటికీ దగ్గర పగటి వెలుతురులోకి తీసుకెళ్లి చూడటం మంచిది. అనుమానమొస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

ఇంతకీ మా హాలుకు చివరికి పడ్డ రంగేది అంటారా? ఏడింట్లో కింది నుంచి రెండోది వేయించుకున్న మేము, ఈసారి పై నుంచి రెండోది వేయించాం. అమ్మే ఎంచింది. కార్డు చేతికివ్వగానే ఏడు రంగులనూ వరుసగా చదివినట్టు చూపించి, "ఇదిగో, ఇది మన చావడి" అంది. తలుపు వెనకాల మాత్రం చెయ్యెడు మేర పాత మిఠాయి రంగు అలాగే ఉంచమంది. మేస్త్రీ నవ్వి వదిలేశాడు.

కొత్త రంగు నంబరు అలమర తలుపు లోపలి వైపు పెన్సిల్‌తో రాసుకున్నాం. దాని కిందే అమ్మ కళ్లజోడు నంబరు కూడా.